పిడుగుకీ దువ్వెనకీ ఒకే మంత్రం

'పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమా' అని వెక్కిరిస్తుంది సామెత. ప్రకృతి దగ్గర మాత్రం నిజంగానే అలాంటి మంత్రం ఒకటుంది. పొడిజుట్టు దువ్వుతుంటే చిటపటలాడేదీ, వేసవి సాయంత్రం పొలంలో నిలువునా ప్రాణం తీసేదీ అదే. దాని పేరు... ఎలక్ట్రాన్ల మార్పిడి!

ఏప్రిల్ వచ్చిందంటే ఉమ్మడి ప్రకాశం పడమటి ప్రాంతంలో ఆకాశాన్ని నమ్మలేం. పొద్దుటి నుంచీ కంభం, గిద్దలూరు, మార్కాపురం ఎండకి ఉడికిపోతుంటాయి. మధ్యాహ్నం దాటాక నల్లమల కొండల మీద మబ్బు లేస్తుంది. ఈదురుగాలి, నాలుగు చినుకులు, ఆ వెంటే ఉరుములు. ఊళ్లో ఉన్నవాళ్లు 'అర్జునా, ఫల్గుణా' అనుకుంటూ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటారు. మరి గొర్రెల కాపరి ఎక్కడికెళ్తాడు? చేలో ఉన్న కూలీ ఎక్కడికెళ్తుంది? కనుచూపుమేరలో ఒక్క చింతచెట్టు కనిపిస్తే దాని కిందికే పరుగు. అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు అదే!

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తమ్మీద పిడుగులకు బలైనవారు 2,887 మంది. తుపాను వస్తే నాలుగు రోజులు వార్తల్లో ఉంటుంది. పిడుగు ఒక్కరినీ ఇద్దరినీ తీసుకుపోతుంది కాబట్టి జిల్లా పేజీలో చిన్న వార్తగా మిగిలిపోతుంది.

ఎవరు ధనం... ఎవరు రుణం?

ముందు దువ్వెన సంగతి చూద్దాం. దువ్వెనైనా, జుట్టైనా తయారైంది పరమాణువులతోనే. పరమాణువు నడిమధ్య కేంద్రకంలో ధనావేశమున్న ప్రోటాన్లుంటాయి. చుట్టూ రుణావేశమున్న ఎలక్ట్రాన్లుంటాయి. రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. ఎంత రుద్దినా ప్రోటాన్లు కేంద్రకాన్ని వదిలిరావు. అంచున ఉన్న ఎలక్ట్రాన్లు మాత్రం కాస్త రాపిడి తగిలితే చాలు, పక్కింటికి వెళ్లిపోతాయి. అలా జుట్టులోంచి కొన్ని ప్లాస్టిక్ దువ్వెన మీదికి చేరతాయి. దువ్వెనకి రుణావేశం, జుట్టుకి ధనావేశం. (తలకి నూనె రాసుకుంటే ఈ ప్రయోగం పారదు. బళ్లో మాస్టారు చెప్పిన ప్రయోగం ఇంట్లో చేసి చూసి 'అబద్ధం' అనేసిన పిల్లల్లో సగంమంది తప్పు కొబ్బరినూనెదే!)

ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే 'ప్లస్' అవ్వాలి కదా, 'మైనస్' ఎందుకయింది? ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చాలామందిని తికమకపెట్టే ప్రశ్న ఇది. ధన, రుణ అన్న లెక్క పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టింది. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనిపెట్టింది 1897లో. తీరా చూస్తే అది 'మైనస్' వైపు తేలింది. అప్పటికే పేర్లు స్థిరపడిపోయాయి. ఇంగ్లీషులో చదివేవాళ్లకి ఈ తిరకాసు తప్పదుగానీ తెలుగువాళ్లకి అంత కష్టమేం కాదు. రుణమంటే అప్పేగా! జుట్టు దగ్గర ఎలక్ట్రాన్లు అప్పు తెచ్చుకుంది కాబట్టి దువ్వెన రుణగ్రస్తురాలు. ఇచ్చిన జుట్టు ధనవంతురాలు. మార్కాపురం పలకల మీద కూడికలూ తీసివేతలూ దిద్దిన తరానికి ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పద్దులో ఎప్పుడూ తేడా రాదు. దువ్వెన మీద ఎన్ని ఎలక్ట్రాన్లు పెరిగాయో జుట్టులో సరిగ్గా అన్నే తగ్గుతాయి.

ఎన్ని అంటే... ఒక్క కూలుంబు ఆవేశం కావాలంటే దాదాపు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు చేతులు మారాలి! దువ్వెన మీద ఉండేది అందులో అతి స్వల్ప భాగం. ఓ మోస్తరు పిడుగు ఒక్క దెబ్బలో 5 కూలుంబుల దాకా కిందికి దించేస్తుంది.

కాగితం స్థానంలో చింతచెట్టు

దువ్వెనని కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకుంటాయి. కాగితాన్ని ఎవరూ రుద్దలేదే! దువ్వెన మీదున్న ఎలక్ట్రాన్లు కాగితంలోని ఎలక్ట్రాన్లని కొద్దిగా అవతలికి నెడతాయి. దాంతో ఇవతలి అంచుకి ధనావేశం వస్తుంది, ఆకర్షణ మొదలవుతుంది. దీన్నే ప్రేరణ అంటారు.

ఇప్పుడు దువ్వెన స్థానంలో నల్లమల మీది ఉరుముల మబ్బుని ఊహించుకోండి. పైకి లేచే వేడిగాలికి మబ్బులోని మంచు స్ఫటికాలూ, మెత్తటి వడగళ్లూ ఒకదానికొకటి తగులుతుంటాయి. ఆ రాపిడిలో సాధారణంగా వడగళ్లు ఎలక్ట్రాన్లు అప్పు తీసుకుని కిందికి దిగుతాయి. ఇచ్చేసిన స్ఫటికాలు తేలికగా పైకి పోతాయి. మబ్బు దిగువన రుణావేశం పేరుకుపోతుంది. అది నేలలోని ఎలక్ట్రాన్లని దూరంగా తరిమేస్తుంది. నేలకి, అందులోనూ ఎత్తుగా నిలబడ్డ చెట్టు కొనకి, ధనావేశం వస్తుంది. కాగితం ముక్క ఉన్న చోట ఇప్పుడు చింతచెట్టు ఉందన్నమాట. దాని కింద మనిషి!

మబ్బులోంచి ఎలక్ట్రాన్లు సుమారు 50 మీటర్ల అంగలేస్తూ మెట్లు మెట్లుగా దిగుతాయి. నేల దగ్గరపడగానే చెట్టు కొసనుంచి ధనావేశం ఎదురెళ్తుంది. రెండూ కలిసిన క్షణంలో దారి తెరుచుకుంటుంది. దాదాపు 30,000 ఆంపియర్ల విద్యుత్తు, సూర్యుడి ఉపరితలం కన్నా అయిదింతల వేడి! ఆ వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పేలితే, అదే ఉరుము.

మంద మొత్తం ఎందుకు?

ఒక్క పిడుగుకి పదుల కొద్దీ గొర్రెలు చనిపోతుంటాయి. అన్నిటి మీదా విడివిడిగా పిడుగు పడదు. చెట్టులోంచి దిగిన విద్యుత్తు నేలలో నలువైపులా పాకుతుంది. గొర్రె ముందుకాళ్లున్న చోటికీ వెనకకాళ్లున్న చోటికీ మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. విద్యుత్తు ఒక కాలినుంచి ఎక్కి, గుండె మీదుగా, ఇంకో కాలినుంచి దిగిపోతుంది. కాపరి కూడా బయటపడతాడన్న నమ్మకం లేదు. చెట్టు మానుకన్నా మనిషి ఒళ్లు విద్యుత్తుకి సులువైన దారి కాబట్టి మాను మీంచి పక్కకి దూకే అవకాశమూ ఉంది.

అందుకే నిపుణులు చెప్పేది ఒక్కటే... మొదటి ఉరుముకే కదలండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. లెక్క ముప్ఫయ్ లోపు ఉంటే పక్కా ఇంట్లోకో, అద్దాలు ఎత్తిన కారులోకో, బస్సులోకో వెళ్లిపోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. కంభం చెరువులో ఎవరున్నా వెంటనే గట్టెక్కాలి, కట్ట మీద నిలబడకుండా దిగిపోవాలి. చుట్టూ ఏ ఆసరా లేకపోతే చెట్టుకి దూరంగా, పల్లంలో, పాదాలు రెండూ దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలి. నేలమీద పడుకుంటే తలకీ కాళ్లకీ మధ్య దూరం పెరుగుతుంది... గొర్రెకి జరిగిందే జరుగుతుంది. గుంపుగా ఉన్నవాళ్లు విడివిడిగా ఉండాలి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా హెచ్చరికలు ఇస్తోంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ చుట్టుపక్కల పడే పిడుగుల సమాచారం చెబుతుంది. కాపరి చేతిలో స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఊళ్లో ఉన్న కొడుకో కూతురో చూసి ఫోన్ చెయ్యొచ్చు.

పిడుగు దెబ్బ తిన్న మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దూరంగా నిలబడిపోతారు. ఆ భయం అక్కర్లేదు. కరెంటు తీగ పట్టుకున్న మనిషికి తీగలోంచి విద్యుత్తు వస్తూనే ఉంటుంది, ఇక్కడ అలా కాదు. మబ్బు అప్పు రెప్పపాటులో నేలకి జమైపోయింది, ఆ ఒంట్లో ఆవేశం మిగలదు. వెంటనే ముట్టుకోవచ్చు. ఇంకా ఉరుముతుంటే ముందు భద్రమైన చోటికి చేర్చాలి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా నొక్కడం ఆపకూడదు.