పాత స్పెక్ట్రమ్‌ కొన్నారా... ఆగండి, ప్లగ్‌ పెట్టకండి!

వత్రాప్‌, కోవిల్‌పట్టి వైపు చాలా ఇళ్లలో తెలుగు, బళ్లో తమిళం. 1980లలో వచ్చిన కంప్యూటర్‌కు ఆ రెండూ రావు! టీవీకి తగిలించి, పక్కన టేప్‌రికార్డర్‌ పెట్టుకునే సింక్లెయిర్‌ స్పెక్ట్రమ్‌ సంగతిది. బ్రిటన్‌లో 1982లో పుట్టింది. 1986లో డెసిబెల్స్‌ సంస్థ లైసెన్సుతో స్పెక్ట్రమ్‌ ప్లస్‌ను మన దేశంలో అమ్మింది. మెమరీ 48 కేబీ. పెద్ద ఆట ఎక్కాలంటే ఐదు నిమిషాలు ఆ కీచుశబ్దం భరించాల్సిందే.

అయితే ఇందులో ఓ సదుపాయముంది. ఎనిమిదికి ఎనిమిది గళ్లలో చుక్కలు పెట్టి 21 సొంత అక్షరాలు గీసుకోవచ్చు. బళ్లో నేర్పని 'అ' టీవీలో కనబడుతుందన్నమాట!

చిన్ననాటి ముచ్చట తీర్చుకుందామని ఇప్పుడు పాతది కొనేవాళ్లు తొందరపడి ప్లగ్‌ పెడుతుంటారు. అక్కడే వస్తుంది చిక్కు. దీని అడాప్టర్‌ 9 వోల్టులదే గానీ, పిన్ను మధ్యలో మైనస్‌. బజార్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం ప్లస్‌. అది గుచ్చారో, బోర్డు గోవిందా! ముందు ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించాలి. మీటల కింద పల్చటి పొర పెళుసెక్కి విరుగుతుంది. కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి. పాత క్యాసెట్లుంటే మాత్రం ముందు వాటిని ఇప్పటి కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోవాలి. టేపు తెగితే ఆ 'అ' మళ్లీ దొరకదు.