ఒక కంఠం, ఒక పియానో

రాత్రి భోజనాలైన తరువాత, ఇంటిలో సందడి సద్దుమణిగిన వేళ, రేడియో ధ్వనిని కొంచెం తగ్గించి వినదగిన సంగీతం ఒకటున్నది. దానికి పెద్ద వాద్యబృందం లేదు. వేషం లేదు, తెర లేదు. సభలో పాడేటప్పుడు గాయకుని ముందు ధ్వనివర్ధకం కూడ ఉండదు. ఒక గాయకుడో గాయనియో నిలుచుండి పాడుతారు; ప్రక్కన ఒకరు కూర్చుండి పియానో వాయిస్తారు. పాటకు మూలం ఒక కవిత. జర్మను భాషలో ఇటువంటి పాటను ‘లీడ్’ అంటారు, బహువచనంలో ‘లీడర్’. మన రాజకీయ లీడర్లకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదని శ్రోతలకు ముందుగానే మనవి చేస్తున్నాము. ఆ మాటకు ‘పాట’ అని మాత్రమే అర్థం.

పాశ్చాత్య సంగీతమనగానే మన ఇండ్లలో చాలమంది మీట త్రిప్పి వేరొక స్టేషనుకు పోతారు. అది వారి తప్పు కాదు. భాష తెలియదు, ఆ గొంతు తీరు అలవాటు లేదు, ఏమి వినవలెనో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవారము మేము. ఈ విషయంలో మేమే ఒకప్పుడు పొరపడినవారమన్న సంగతి దాచుకొనడం భావ్యం కాదు.

ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఒక రాత్రి, షూమన్ 1840లో హైనే కవితలకు కూర్చిన పదహారు పాటల మాలిక ‘డిష్టర్‌లీబ’ను ప్రసారం చేస్తున్నాము. చివరి పాటలో గాయకుడు ఆగినాడు. పాట ముగిసినదనుకొని మేము మీట దించి, తరువాతి కార్యక్రమం ప్రకటించినాము. నాలుగు రోజుల తరువాత ఒక పోస్టుకార్డు వచ్చినది. గాయకుడు చెప్పలేక ఆగిన మాటను పియానో చెప్పబోతుండగా మీరు దాని నోరు నొక్కినారు అని అందులో ఉన్నది. సంతకం లేదు. మరల వినిచూచినాము. నిజమే. కంఠం ఆగిన తరువాత పియానో చాలసేపు ఒంటరిగా పలుకుతుంది. కవి చేదుగా ముగించిన కథను అది ఓదార్పుతో ముగిస్తుంది. మేము కోసివేసినది పాట తోక అనుకున్నాము. అది పాట గుండెకాయ.

ఈ సంగీతంలో మొదట తెలుసుకొనవలసినది ఇదే. మన కచేరీలో వయొలిను గాయకుని వెంట నడుస్తుంది, మృదంగం నడకను నిలుపుతుంది. ఇక్కడ పియానో వెంట నడిచే తోడు మాత్రమే కాదు. కథలో అదొక పాత్ర. అది వాతావరణం అవుతుంది, నది అవుతుంది, గుర్రం అవుతుంది, ఒక్కొక్కప్పుడు గాయకుడు దాచిన రహస్యాన్ని బయటపెట్టే సాక్షి అవుతుంది.

ఉదాహరణకు రాట్నం పాటను చూడండి. వియన్నా నగరంలో 1797 జనవరి 31న జన్మించిన ఫ్రాంజ్ షూబర్ట్, 1814 అక్టోబరు 19న, పదునేడేండ్ల వయస్సులో, గెటే ‘ఫౌస్ట్’ నాటకంలోని ఒక గీతానికి సంగీతం కూర్చినాడు. గ్రెట్‌హెన్ అనే పిల్ల నూలు వడుకుతూ, తన మనశ్శాంతిని హరించిన ప్రియుని తలచుకొంటున్నది. పియానోపై కుడిచేయి ఎడతెగక గిరగిర తిరుగుతుంది. అది రాట్నపు చక్రం. ఎడమచేయి తొక్కుడుబల్లపై పాదం. పిల్ల తలపులు వేడెక్కినకొద్దీ చక్రం వేగం పుంజుకొంటుంది. అతని ముద్దు జ్ఞప్తికి వచ్చినంతనే రాట్నం ఆగిపోతుంది. నిశ్శబ్దం. తరువాత చక్రం తడబడుతూ, ఆగి ఆగి, మరల కదులుతుంది. ఆ పిల్ల చేయి పని మరచినదని కవి వ్రాయలేదు. పియానో చెప్పినది. జర్మను భాషలో ఒక్క అక్షరం రానివారికి కూడ ఈ ఘట్టం అర్థం కావలసినదే. రాట్నం ఎరిగిన దేశం మనది.

మన సంగీతంలో పెరిగిన చెవికి ఇక్కడ రెండు లోట్లు తోచవచ్చును. గమకం లేదు, మనోధర్మానికి తావు లేదు. ప్రతి స్వరమూ కాగితంపై వ్రాసి ఉన్నది. మరి గాయకుని ప్రతిభ ఎక్కడ? ఒక మాటపై ఎంత బరువు పెట్టవలెను, ఎక్కడ ఊపిరి తీయవలెను, ఏ హల్లును ఎంత మెత్తగా పలుకవలెను అన్నదానిలో ఉన్నది. స్థాయి మార్చుకొనే స్వేచ్ఛ కూడ ఉన్నది. మనవారు తమ కంఠానికి తగిన శ్రుతి నిర్ణయించుకొన్నట్లే, హెచ్చు కంఠానికీ మంద్ర కంఠానికీ అనువుగా ఈ పాటలను వేర్వేరు శ్రుతులలో అచ్చువేస్తారు. రేడియో పోషించిన మన లలితగీతంలో వలె ఇక్కడ కూడ కవి, స్వరకర్త, గాయకుడు ముగ్గురూ సమాన భాగస్వాములు. నాల్గవ భాగస్వామి పియానో వాదకుడు.

ఈ కళ పుట్టినది రాజసభలో కాదు, మధ్యతరగతి ఇంటి ముందుగదిలో. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభానికి వియన్నాలో చాల ఇండ్లకు పియానో చేరినది. తీగెలను మీటక సుత్తులతో కొట్టే ఆ వాద్యం, వ్రేలి ఒత్తిడిని బట్టి మెల్లగానూ పలుకగలదు, గట్టిగానూ పలుకగలదు. కనుక కంఠాన్ని మింగివేయదు. షూబర్ట్ మిత్రులు ఒకరి ఇంటిలో గుమికూడి ఆయన క్రొత్త పాటలు వినేవారు. 1821 నుండి ఆ గోష్ఠులకు ‘షూబర్టియాడ్’ అన్న పేరు నిలిచినది. ఆస్థాన నాటకశాలలో పేరుపొందిన వోగల్ అనే గాయకుడు, తనకంటె దాదాపు ముప్పది ఏండ్లు చిన్నవాడైన షూబర్ట్ వాయిస్తుండగా పాడేవాడు. మిత్రులలో ఒకడైన చిత్రకారుడు ష్విండ్, 1868లో, అందరూ ముసలివారైన లేదా గతించిన తరువాత, ఆ సాయంకాలాన్ని జ్ఞాపకం నుండి చిత్రించినాడు.

1827లో షూబర్ట్ ఇరువదినాలుగు పాటల ‘వింటర్‌రైజ’, అనగా ‘శీతకాల యాత్ర’, కూర్చినాడు. కవి విల్‌హెల్మ్ ముల్లర్. ఈ కవి మనకు పరోక్షంగా పరిచితుడే. సాయణభాష్యంతో ఋగ్వేదాన్ని 1849 మొదలు 1874 వరకు అచ్చువేయించి, మన పండితులచేత మోక్షమూలరుడని పిలిపించుకొన్న మాక్స్ ముల్లర్ ఇతని కుమారుడు. తండ్రి మరణించేనాటికి ఆ బాలునికి నాలుగేండ్లు నిండలేదు. కవి పోయినది 1827లోనే. కవి, స్వరకర్త ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు.

కథ స్వల్పం. ప్రేమలో ఓడిన ఒకడు మంచు రాత్రి ఊరు విడిచి నడక సాగిస్తాడు. అంతే. మొదటి పాట ‘గుటె నాఖ్ట్’ పియానో అడుగుల చప్పుడుతో మొదలవుతుంది. ఛాయ మన నఠభైరవి, కీరవాణులకు దగ్గర. గాంధారం సాధారణ గాంధారం. చివరి చరణంలో అతడు ప్రియురాలి వాకిలి దాటుతూ, ఆమె నిద్రకు భంగం కలుగకుండ తలుపు మెల్లగా మూసి, వీడ్కోలు మాట ఒకటి వ్రాసిపోదలచినప్పుడు, ఆ గాంధారం ఒక్క మెట్టు పైకి వెళ్ళి అంతర గాంధారం అవుతుంది. శంకరాభరణపు వెలుగు వచ్చినట్లుంటుంది. చివరి పంక్తిలో ఆ వెలుగు మరల ఆరిపోతుంది. ఒక్క స్వరస్థానపు మార్పు! రాగభేదం ఎరిగిన తెలుగు శ్రోత దీనిని మొదటిసారి వినినప్పుడే పట్టుకొనగలడు.

ఈ పాటలు మొదట విన్న మిత్రులు, ఆ చీకటికి దిగ్భ్రాంతి చెందినారు. ‘లిండెన్‌బౌమ్’ ఒక్కటి మాత్రమే బాగున్నదని షోబర్ అన్నాడట. మిగిలిన నా పాటలన్నిటికంటె ఇవే నాకు ప్రియమైనవి, మీకు కూడ ఒకనాటికి నచ్చుతవి అని షూబర్ట్ బదులు చెప్పినట్లు స్పౌన్ అనే మిత్రుడు జ్ఞాపకం చేసుకొన్నాడు. 1828 నవంబరు 19న షూబర్ట్ మరణించినాడు. ముప్పదియొక్క ఏండ్ల ప్రాయం, ఆరువందలకు పైగా పాటలు. చివరి దినాలలో ఆయన దిద్దుతూ ఉన్నది ఈ యాత్ర రెండవ భాగపు అచ్చుప్రతులనే.

కడపటి పాట ‘లైయర్‌మాన్’. ఊరి చివర మంచుపై చెప్పులు లేకుండ నిలిచి, ఒక ముసలివాడు చేతితో త్రిప్పే వాద్యం వాయిస్తున్నాడు. వినేవారు లేరు. పళ్ళెంలో కాసు లేదు. కుక్కలు గుర్రుమంటున్నవి. పియానోలో ఎడమచేయి మొదటినుండి చివరి వరకు రెండే స్వరాలను పట్టుకొని ఉంటుంది: షడ్జం, పంచమం. అది మన తంబుర శ్రుతి! ఊరూరా తంబుర మీటుతూ తత్త్వాలు పాడి భిక్ష అడిగిన మన గాయకులను ఎరిగినవారికి ఆ ముసలివాడు పరాయివాడు కాడు. నేను నీ వెంట రానా, నా పాటలకు నీ వాద్యం వాయిస్తావా అని బాటసారి అడుగుతాడు. బదులు లేదు.

ఇంత ఏకాంతమైన సంగీతం ఎవరికి కావలెను అని అడుగవచ్చును. 1943 జనవరిలో, బెర్లిన్ నగరపు ట్సేలెన్‌డార్ఫ్ పురభవనంలో పదునేడేండ్ల యువకుడొకడు ఈ పాటలు పాడుతుండగా విమానదాడి మొదలయినది. శ్రోతలూ గాయకుడూ నేలమాళిగలోకి పోయి, బాంబుల మోత అణగిన తరువాత పైకి వచ్చినారు. పాట ఆగినచోటనుండి సాగినది. ఆ యువకుడు డీట్రిష్ ఫిషర్-డీస్కౌ. యుద్ధానంతరం, బందీగా ఉండి తిరిగివచ్చి, 1948 జనవరిలో ఇవే పాటలను బెర్లిన్ రేడియోకు పాడినాడు. 2012లో మరణించేనాటికి ఈ కళకు ఆయన పేరు పర్యాయపదమయినది. ఆయనకు ఎన్నో ఏండ్లు తోడు వాయించిన ఆంగ్లేయుడు జెరాల్డ్ మూర్, 1962లో వెలువరించిన ఆత్మకథకు ‘నా వాద్యం మరీ గట్టిగా ఉన్నదా?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నాడు. పియానో వాదకుని వినయమూ, చమత్కారమూ ఆ ప్రశ్నలో రెండూ ఉన్నవి.

కాబట్టి శ్రోతలకు మా విన్నపం స్వల్పం. పాటకు ముందు మేము చెప్పే భావాన్ని రెండు నిమిషాలు వినండి. మొదటిసారి కంఠాన్ని విని, అవకాశం దొరికినప్పుడు రెండవసారి పియానోను మాత్రమే వెంబడించండి. ధ్వని హెచ్చించకండి, ఇవి గదిలో పాడుకొనడానికి పుట్టిన పాటలు, మీ గదికి సరిపోతవి. పాట ముగిసినదని తోచినప్పుడు లేవకుండ ఇంకొంచెంసేపు కూర్చోండి. మేము కూడ మీట మీద చేయి వేయము. ఆ పోస్టుకార్డు మా బల్ల సొరుగులో ఇంకను భద్రంగా ఉన్నది.