ప్రత్యుత్తరలేఖలలో ననువాదమర్యాద

ఒకరు చెప్పిన వాక్యమును మఱల నెత్తి చెప్పి, దానిపైఁ దన సమాధానము నుంచుట శాస్త్రగ్రంథములలోఁ జిరకాలముగా నున్న పద్ధతి. ఇట్లు మఱల నెత్తి చెప్పుటకు ననువాదమని పేరు. న్యాయసూత్రముల యైదవ యధ్యాయమున 22 నిగ్రహస్థానములను వివరించుచు గౌతముఁడు పునరుక్తమును దోషముగాఁ జెప్పి, యనువాదమును మాత్ర మా దోషమునుండి తొలఁగించెను. చెప్పినదానినే చెప్పుట తప్పైనను, బ్రయోజనముతోఁ జెప్పినచోఁ దప్పు గాదని తాత్పర్యము. ఆ ప్రయోజన మేది, యనువాద మెంతవఱకుఁ జేయఁదగును అను ప్రశ్నము నేఁడు ఈమెయిలు వ్రాయు ప్రతిపండితుని యెదుటను నిలిచియున్నది. అది యొక ప్రశ్నమని చాలమందికిఁ దోఁచకపోవుటయే చిక్కు.

తాటాకుపై గంటముతో వ్రాయునాఁడు పరవాక్యము నెత్తి వ్రాయుటకుఁ జేతికి శ్రమ కలదు. కావున వ్రాయువాఁడు కావలసినంత మాత్రమే యెత్తెను. ఈమెయిలునం దట్లు గాదు. ప్రత్యుత్తరపు మీట నొక్కిన తోడనే వచ్చిన లేఖ యంతయు సాధారణముగాఁ దనంతటఁ దానే క్రొత్తలేఖలోనికి దిగును. దానికి బదులు వ్రాయువారి లేఖలోనికి మొదటిదియు రెండవదియుఁ గూడ దిగును. ఐదాఱుమాఱులు లేఖలు నడచునప్పటికి రెండు పంక్తుల సమాధానము క్రింద నూఱు పంక్తుల పాతలేఖలు వ్రేలాడుచుండును. 2004లో నారంభమైన జీమెయిలు వంటివి యీ పాతభాగమును మూఁడు చుక్కల వెనుక దాఁచి చూపుటచేత వ్రాయువారికి దాని బరువు తెలియదు. ప్రయోజనమును విచారింపక యంత్రము దింపిన యీ పాఠమున కనువాదమను పేరు చెల్లదు, అది పునరుక్తమే.

పరవాక్యమును దెలుపుట కీ లేఖలలో నేర్పడిన చిహ్నము, గణితమునఁ 'బెద్దది' యను నర్థమున వాడెడు కోణరేఖ. ఎత్తిన భాగము నాలుగు పంక్తులైనచో నాలుగింటి మొదటను నీ కోణము నిలుచును. ఆ భాగము మఱియొకరి లేఖనుండి యంతకుముందే యెత్తఁబడినదైనచోఁ గోణములు రెండగును. మూఁడవ తరమునకు మూఁడు. కోణములను లెక్కించినచో నే మాట యెన్నవ తరమునాటిదో తెలియును. ఎత్తిన భాగమునకుఁ బైని 'ఫలానినాఁడు ఫలానివారు వ్రాసిరి' యని యొక పంక్తి యుండును.

ఆదిని నొకటి, తుదిని నొకటి చాలదా, ప్రతిపంక్తికి గుఱు తేల యని శంక కలుగవచ్చును. ఉత్తరము వ్రాయువాఁడు పరవాక్యమును మధ్యమధ్యఁ గోసి, యా సందులలోఁ దన మాటలు చొప్పించును. ఆద్యంతములందే గుఱుతు లున్నచో నట్టి కోఁతలో నొకటి పోయినంతనే రెండవదియు వ్యర్థమగును. ప్రతిపంక్తికి నున్నచో నే పంక్తి యెచ్చటఁ బడినను దాని కర్త తెలియుచునే యుండును. సంస్కృతమున 'ఇతి' శబ్దమును, దెనుఁగున 'అని' యనునదియుఁ బరవాక్యము ముగిసినచోటును మాత్రమే తెలుపును. మొదలైనచోటును సందర్భమును బట్టి పాఠకుఁడే యూహింపవలెను.

ఈ యూహ యెంత కష్టమో మహాభాష్యము చదివినవా రెఱుఁగుదురు. కాత్యాయనుని వార్తికములు ప్రత్యేకగ్రంథముగా దక్కలేదు; భాష్యమున నెత్తఁబడిన రూపముననే దక్కినవి. పతంజలి వార్తికము నెత్తి, దాని మాటలనే విడఁదీసి కొంచెము పెంచి వివరించి, పిదప నాక్షేపసమాధానములు నడపును. వ్రాఁతప్రతులలో వార్తికమునకును భాష్యమునకును నడుమ నమ్మఁదగిన గుఱుతు లేదు. ఏ పంక్తి కాత్యాయనునిది, యేది పతంజలిది, యేది యింకొక వార్తికకారునిది యను సంశయము దీనివలననే పుట్టినది. పూనాలోని దక్కను కళాశాలలో సంస్కృతాచార్యుఁడుగా నుండిన ఫ్రాంట్స్ కీల్‌హార్ను 1876లోఁ బ్రకటించిన చిన్నపుస్తకమున నీ సంశయమును విచారించెను. వాక్యమునకు వెంటనే దాని పదములతోనే వివరణ మున్నచో నది వార్తికమని గుర్తింపవచ్చునని యాతఁడు చూపిన మార్గము. 1880 మొదలు 1885 వఱకు మూఁడు సంపుటములుగా బొంబాయిలో వెలువడిన తన ముద్రణమున వార్తికములను వేఱుపఱచి యచ్చొత్తించెను.

ఇది కేవలము పంక్తుల పంపకము గాదు. కాత్యాయనుఁడు పాణినికిఁ బ్రతిపక్షి, దోషములు వెదకుటయే యాతని పని యను తలంపునకు 1861లో గోల్డ్‌స్ట్యూకరు బలము కూర్చెను. ఎవరి మాట యెవరిదో తేర్చి చూచిన పిదప, వార్తికములలో సూత్రమును సమర్థించునవి, శంకను దీర్చునవి, లోపమును బూరించునవి పెక్కు గలవని కీల్‌హార్ను చూపఁగలిగెను. రెండువేల యేండ్లకుఁ బైఁబడిన యొక యాచార్యుని కీర్తి యనువాదచిహ్నముల లేమిచేత నట్లు డోలాయమాన మయ్యెను. భాష్యములోనే మాటలాడు పూర్వపక్షిని, నేకదేశిని, సిద్ధాంతిని వేఱుచేయుటకుఁ గైయటుని ప్రదీపమును, నాగేశుని యుద్ద్యోతమును బలుచోట్లఁ బాటుపడినవి. అట్లుండియు నేకదేశివాక్యమును భాష్యకారమతముగాఁ జెప్పి గురువుచేత మందలింపఁబడని వైయాకరణవిద్యార్థి యరుదు.

ఈమెయిలునందును నిట్టి ప్రమాదమే కలదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు డెబ్బదియెనుబది యక్షరములకు మించిన పంక్తిని విఱిచి, మిగిలిన ముక్కను గోణము లేకయే క్రిందిపంక్తిలోనికిఁ ద్రోయును. అప్పు డాక్షేపకుని మాటలో సగము సమాధాత నోటి మాటయగును. ఇట్టి విఱుపులను మాన్పుటకు 2004లో ఇంటర్నెట్టు ప్రమాణపత్రములలో 3676వది వెలువడినది. నేఁడు పెక్కు సాఫ్ట్‌వేర్లు కోణమునకు బదులుగా నెడమప్రక్క నిలువుగీఁత నుంచును. లేఖలోని భాగమును వేఱొకచోటి కెత్తి యతికించునపు డా గీఁత మాయమగుటయుఁ గలదు. పంపుటకుముందు కర్తృత్వము చెడలేదుగదా యని యొకమాఱు చూచికొనుట యవసరము.

ఇఁక నెంత యెత్తవలెను? ప్రతివాది ముమ్మాఱు చెప్పి, సభ గ్రహించిన వాక్యమును మఱల నుచ్చరింపలేని వాదికి నననుభాషణమను నిగ్రహస్థానము గౌతముఁడు విధించెను. వినినదానిని వినినట్లు చెప్పలేనివాఁడు దేనిని ఖండించును? అయితే ధర్మకీర్తి వాదన్యాయమున నీ నియమమును విమర్శించుచు, బ్రతివాది చెప్పినదంతయు వల్లింప నక్కఱలేదు, ఏ యంశము లేక దూషణము నిలువదో దాని ననువదించినఁ జాలునని వాదించెను. 1995 అక్టోబరులో వెలువడిన 1855వ ఇంటర్నెట్టు పత్రము లేఖామర్యాదలను జెప్పుచు నీ పక్షమునే యవలంబించినది: సందర్భము తెలియునంత మాత్రమే యెత్తవలెను, మూలలేఖ యంతయు నెత్తరాదు. ఆ పత్రము శాసనము గాదు, సూచన మాత్రమే. లేఖతుదిని వ్రాయు పేరు, చిరునామా మొదలగునవి నాలుగు పంక్తులు మించకుండుట మంచిదని కూడ నందుఁ గలదు. బిరుదములు పెక్కు గలవారి కిది కొంత కష్టము.

'కావలసినంత' యను నియమ మింగ్లీషులేఖలలో నేర్పడినది. దానిని దెనుఁగున కన్వయించునపుడు విశేషించి చూడవలసిన దొకటి కలదు. ఇంగ్లీషువాక్యమున వక్త యభిప్రాయమును దెలుపు క్రియయు, నిషేధమును సాధారణముగా మొదటిభాగముననే వచ్చును. తుదిఁ గోసినను వక్త యే పక్షమువాఁడో చాలవఱకుఁ దెలియును. తెనుఁగున సమాపకక్రియ తుదిని నుండును. నిషేధ మా క్రియతోడిది. ఇతరుల మతమని తెలుపు 'అందురు', వినికిడియని తెలుపు 'అఁట', సందేహమును దెలుపు 'ఏమో', 'కాఁబోలు' అనునవియుఁ దుదినే చేరును. కావునఁ దెలుఁగువాక్యమునఁ దోఁక తెగినచో వాక్యము పొట్టి యగుటయే గాక పక్షమే మాఱును.

ఒక యుదాహరణము. ఒకరు తమ లేఖలో నిట్లు వ్రాసిరనుకొనవలెను: 'తెలుఁగు శబ్దము త్రిలింగశబ్దమునుండి పుట్టినదనియు, నా మూఁడు లింగములు కాళేశ్వర శ్రీశైల ద్రాక్షారామములవనియుఁ బలువురు చెప్పుచున్నారు గాని, ధ్వనిపరిణామమును బట్టి చూచిన నది నిలుచునట్లు తోఁపదు.' బదులు వ్రాసినవారు క్లుప్తతకై 'తెలుఁగు శబ్దము త్రిలింగశబ్దమునుండి పుట్టినది' యనునంతవఱకే యెత్తి, దాని క్రింద నాక్షేపము వ్రాసిరి. అందొక్క యక్షరమైనను మాఱలేదు. పైని వ్రాసినవారి పేరును సరిగనే యున్నది. అయినను మూఁడవవారు దానిని జదివి త్రిలింగవాదమును మొదటివారి నెత్తినే వేయుదురు. నాల్గవవారు వారికి ధ్వనిశాస్త్రము బోధింప మొదలిడుదురు. తాము కాదన్నదానినే తమ మతముగాఁ జూచి మొదటివారు నొచ్చుకొనుటలో వింత లేదు. ఛలమున శబ్ద మట్లే యుండఁగా నర్థమును ద్రిప్పుదురు. ఇచ్చట నెవరికిని ద్రిప్పవలెనను తలంపు లేకయే యర్థము తిరిగిపోయినది.

కాఁబట్టి తెలుఁగున ననువాదము సమాపకక్రియ వఱకు సాగవలెను. వాక్యము మిక్కిలి పొడవైనచోఁ గోయవలసినది నడుమను గాని తుదిని గాదు. పై యుదాహరణమున మూఁడు లింగముల పేళ్లను విడిచి యాచోటఁ జుక్కలు పెట్టినచో నష్టము లేదు. 'గాని', 'అయినను' అనునవి తరువాతివాక్యము మొదట నున్నచో నా వాక్యమును గూడ నెత్తుటయే న్యాయము. వ్యాఖ్యాతలు మొదటి రెండుమూఁడు పదములను మాత్ర మెత్తి 'ఇతి' యని ముగించుచున్నారు గదా యని కొంద ఱడుగుదురు. అది ప్రతీకము. మూలము పాఠకుని చేత నున్నదను నమ్మకముతో స్థలమును జూపుటకే యది యుద్దేశింపఁబడినది. పరమతమును దెలుపుటకుఁ గాదు. ఈమెయిలునందును స్థలమును జూపుటకు మాత్రమే ప్రతీకము చాలును. ఖండింపఁదలఁచినపుడు నిండువాక్య ముండవలెను.

పండితులకు సహజమైన యింకొక దోషము, పరవాక్యము నెత్తుచు దానిని దిద్దుట. వ్యవహారభాషలో వచ్చిన లేఖనుండి యెత్తిన వాక్యమున నరసున్నలు, శకటరేఫములు మొలచుటయు, 'చేసారు' అనునది 'చేసినారు' అగుటయుఁ గలదు. దిద్దినవారు సాయము చేసితి మనుకొందురు. వ్రాసినవా రెగతాళి యనుకొందురు. ఒకరి లేఖను మఱియొకచోటఁ బ్రకటించునపుడు మాటలను మార్పరాదని 1995 నాటి పత్రమునను గలదు. అక్షరదోషమే చర్చావిషయమైనచోఁ దప్ప దానిని ముట్టకుండుట మేలు. 'కేచిత్', 'అపరే' యని పేరు దాఁచి చెప్పుట ప్రాచీనవ్యాఖ్యలలోఁ జెల్లినది. ఉన్నవారి లేఖకు బదులు వ్రాయుచు నట్లు చెప్పిన నది గౌరవముగాఁ దోఁపదు.

సమాధానము పైని నుండవలెనా, ఎత్తిన వాక్యమునకుఁ గ్రింద నుండవలెనా యనుటపై వివాదము కలదు. పూర్వపక్షము ముందును, సిద్ధాంతము వెనుకను నడచు నధికరణక్రమమున కలవడినవారికిఁ గ్రింద వ్రాయుటయే సుకరము. పెక్కంశములున్న శాస్త్రచర్చకు నదియే తగును, ఒక్కొక్క యాక్షేపము క్రింద దాని సమాధానము. ఇద్దఱి నడుమ నడచు పొట్టిలేఖలలోఁ బైని వ్రాసినను బాధ లేదు. కార్యాలయములలోఁ బాతలేఖ లన్నియుఁ గ్రిందనే యుండఁగాఁ బైని వ్రాయుటకును గారణము కలదు: నడుమఁ జేరినవారికిఁ బూర్వకథ దొరకును. విషయపంక్తి మొదట వచ్చు 'రీ' యను సంకేతమును గూర్చి యొక మాట. 'ఈ విషయమున' అను నర్థము గల లాటిను పదములు 'ఇన్ రే' దీనికి మూలమని 2008లో వెలువడిన 5322వ పత్రము చెప్పుచున్నది. అది యొక్కటియే యుండుట మంచిదనియు నందే కలదు. చర్చావిషయము మాఱినపుడు విషయపంక్తిని మార్పకుండుట మఱింత తప్పు.

తన యొక్కనికే వ్రాయఁబడిన లేఖను బలువురు చూచు చర్చలో నెత్తుటకు వ్రాసినవారి యనుమతి ముందుగాఁ గోరవలెను. భాగము నెత్తినను, మొత్తము నెత్తినను నియమ మొకటియే.

మిగిలినది యెత్తనిభాగమును గూర్చిన విచారము. కౌటిలీయార్థశాస్త్రము కడపటి యధికరణమునఁ జెప్పిన 32 తంత్రయుక్తులలో ననుమత మొకటి: ప్రతిషేధింపఁబడని పరవాక్య మంగీకృతమని దాని లక్షణము. అయిదంశముల లేఖకు రెండంశముల నెత్తి బదులు వ్రాసినచోఁ, దక్కిన మూఁడు నంగీకరింపఁబడినవని శాస్త్రజ్ఞుఁడైన ప్రతివాది యనుకొనుట కవకాశ మున్నది. అంగీకార మున్నచో నా మాట వ్రాయవచ్చును. లేనిచో 'మూఁడు, నాలుగు, ఐదు అంశముల నిప్పుడు విచారింపలేదు' అని లేఖతుదిని నొక పంక్తి చేర్చినఁ జాలును.