కడుపు నిండినా కన్ను పస్తే!

పిల్లలూ! దీపాలు పెట్టే వేళ మీ తమ్ముడో చెల్లెలో ఆట మాని, గోడ పట్టుకుని తడుముకుంటూ నడవడం ఎప్పుడైనా చూశారా? దీన్నే మన పెద్దలు రేచీకటి అన్నారు. ఇదీ ఒక రకం ఆకలే అంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ బిడ్డ కడుపునిండా అన్నం తినే ఉండవచ్చు. కన్ను మాత్రం పస్తులుంది!

ఎలాగో చూద్దాం. కంటి వెనుక ఉండే నేత్రపటలంలో దండాలు అనే కణాలున్నాయి. మసక వెలుతురులో చూడడానికి ఇవే ఆధారం. వీటిలోని రొడాప్సిన్ అనే పదార్థం వెలుతురు తగలగానే విడిపోతుంది; చీకట్లో మళ్ళీ తయారవుతుంది. ఆ తయారీకి విటమిన్ 'ఎ' కావాలి. తెల్లని బియ్యంలో అది లేదు. లోపం ముదిరితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర మెత్తబడి, పుండుపడి, చూపు శాశ్వతంగా పోతుంది.

మరి పేద పిల్లలందరికీ రోజూ పాలు, గుడ్లు ఎక్కడినుంచి తెస్తాం? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయం చూపారు. విటమిన్ 'ఎ' కొవ్వులో కరుగుతుంది. కాలేయం దాన్ని నెలల తరబడి దాచుకోగలదు. వేసవిలో పెట్టిన ఆవకాయను అమ్మ జాడీలో దాచి ఏడాది పొడుగునా వడ్డించినట్టన్నమాట! కనుక ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఒకేసారి ఇస్తే చాలునని వారు పరీక్షించి చూశారు. 1970లో భారత ప్రభుత్వం ఈ పథకాన్ని ప్రారంభించింది. నేడు 9 నెలల వయసులో 1 లక్ష యూనిట్లతో మొదలుపెట్టి, అయిదేళ్ళు నిండేదాకా ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్లు ఇస్తున్నారు.

ఇటువంటి మందునే ఇండోనేషియాలో సుమత్రా దీవి పల్లెల్లోనూ ఇచ్చి చూశారు. అక్కడ పిల్లల మరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్టు 1986లో తేలింది. తరువాతి పరిశోధనలన్నిటిలోనూ ఇంత మేలు కనబడలేదు. అయినా కంటికి ఆహారానికి ఉన్న సంబంధం ఒంటికంతటికీ ఉన్నదని మనకు తెలిసింది.

ఒక హెచ్చరిక! ఈ మందు ఎక్కువైతే విషమే. ఆరోగ్య కార్యకర్త ఇస్తేనే వేయించాలి. పైగా ఇది ఆపద గట్టెక్కించేది మాత్రమే. శాశ్వతమైన మందు మన పెరట్లోనే ఉంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడిలో ఉండే కెరోటిన్‌ను శరీరం విటమిన్ 'ఎ'గా మార్చుకుంటుంది. కూరలో కాస్త నూనె వేయడం మరవకండి. కొవ్వు లేనిదే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు.

ఈ సాయంత్రం దీపాల వేళ మీ వీధిలోని చిన్నపిల్లలను ఒకసారి గమనించండి. ఎవరైనా తడుముకుంటూ నడిస్తే ఆలస్యం చేయక వారి అమ్మకు చెప్పి, ఆరోగ్య కేంద్రానికి పంపండి. మీరు చెప్పిన ఆ ఒక్క మాట ఒక బిడ్డ చూపును నిలపవచ్చు.