గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు అలలు

ఇచ్ఛాపురం దాటాక పాతిక కిలోమీటర్లకు బరంపురం వస్తుంది. అక్కడి నుంచి మరో 16 కిలోమీటర్లు తూర్పుకు వెళితే సముద్రం అడ్డొచ్చి రోడ్డు ఆగిపోతుంది. అదే గోపాల్‌పూర్. సెలవు రోజు వచ్చిందంటే బరంపురం జనమంతా ఇక్కడే. లైట్‌హౌస్, సరుగుడు తోటలు, ఒడ్డునే హోటళ్లు, సాయంత్రం వేయించిన చేపల వాసన.. పర్యాటకులకు ఇవి చాలు. మనవాళ్లకు మాత్రం ఇక్కడ ఇంకొకటి ఉంది. ఊళ్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి. ఇసుకలోకి దిగితే చెవిన పడేది తెలుగే. పడవ నెట్టేవాళ్లు, వల లాగేవాళ్లు, బుట్టలకెత్తి చేపలు మోసే ఆడవాళ్లు చాలావరకు తెలుగు మత్స్యకారులే. ఒడిశాలో వీళ్లను నోలియాలంటారు. ఇక్కడి నుంచి పూరీ దాకా తీరం పొడవునా వీళ్ల పేటలున్నాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కాబట్టి వీళ్లు సరిహద్దు దాటి వచ్చినవాళ్లు కారు. సరిహద్దే తర్వాత వచ్చింది.

రంగూన్ ఓడ ఎక్కిందిక్కడే

బీచ్ దగ్గర్లో అక్కడక్కడా మొండిగోడలు కనిపిస్తాయి. చాలామంది వాటి పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. అవి పాత రేవు గిడ్డంగుల ఆనవాళ్లు. తెల్లదొరల కాలంలో గోపాల్‌పూర్ పేరున్న రేవు. గంజాం, చుట్టుపక్కల పల్లెల నుంచి కూలీలు రంగూన్ వెళ్లే ఓడ ఎక్కింది ఇక్కడే. కరవొచ్చినా, అప్పు మీద పడినా దారి బర్మాకే. అప్పట్లో ఓడ ఒడ్డుకు చేరే వీల్లేదు. దూరంగా లంగరేసి నిలబడేది. కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో జనాన్ని ఎక్కించి, విరుచుకుపడే కెరటాలు దాటించి ఓడకు చేర్చేవాళ్లు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి రావడంతో ఆ రాకపోకలకు తెరపడింది. వేలాదిమంది అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. అందరూ ఇల్లు చేరలేదు.

ఆ కెరటాల ఉద్ధృతి ఇప్పటికీ అంతే. చూడ్డానికి నిదానంగా ఉన్నా లోపలికి లాగేస్తుంది. స్నానానికి దిగేవాళ్లు ఒడ్డున ఉండే నోలియా చెప్పిన మాట వినడం మంచిది. వద్దంటే వద్దనే.

ఊరు పోయింది.. తాబేళ్లొచ్చాయి

గోపాల్‌పూర్‌కు ఉత్తరాన, గంజాం పట్టణం దగ్గర రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలూ లక్షలుగా వచ్చి ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఈ సంగతి 1994లో గానీ శాస్త్రవేత్తల దృష్టికి రాలేదు. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయని లెక్క. అలాగని ఏటా వస్తాయన్న నమ్మకం లేదు. తీరం కోతకు గురైనా, ఇసుక మేట మారినా కొన్నేళ్లు మొహం చాటేస్తాయి. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఉన్న వైపే వాటి నడక. వీధి దీపాలు కనిపిస్తే సముద్రం వదిలేసి ఊళ్లోకి దారితీస్తాయి. వాటిని బుట్టల్లోకెత్తి నీళ్లలో వదిలేది పక్క ఊళ్ల కుర్రాళ్లే.

ఆ ఊళ్లలో పోడంపేట ఒకటి. పేరు వింటేనే ఎవరి ఊరో తెలిసిపోతుంది. కొన్నేళ్లుగా సముద్రం ముందుకు జరిగి ఈ ఊరిని ఇల్లిల్లూ మింగేసింది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. జనం లోపలి భూముల్లో కట్టిన కొత్త కాలనీకి మారారు. పాత ఊళ్లో కూలిన గోడలు మిగిలాయి. మత్స్యకారుడికి ఇల్లు సముద్రానికి దూరమైతే పడవకు, వలకు కాపలా ఎవరు? తెల్లవారుజామున అలలు చూసి వేటకు వెళ్లాలో వద్దో తేల్చుకునేదెలా? సిమెంటు ఇల్లొచ్చినా ఈ చిక్కు తీరదు.

దీనికి తోడు వేట నిషేధం. తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు, నదీముఖం దగ్గర 20 కిలోమీటర్ల లోపు మోటారు పడవలు, ట్రాలర్లు వేటాడకూడదు. ఏడు నెలలు! ప్రభుత్వం కొంత సాయం ఇస్తున్నా, చేపలు బాగా పడే రోజుల్లో పడవ ఒడ్డున ఉంటే ఇంటిల్లిపాదికీ కష్టమే. తాబేలును కాపాడుతున్న చేతులకూ, వల వేయలేని చేతులకూ తేడా లేదు. తాబేళ్లను చూడ్డానికి వెళ్లేవాళ్లు అటవీ సిబ్బంది చెప్పిన చోటే నిలబడాలి. టార్చిలైట్లు, ఫ్లాష్‌లు వద్దు.

నది వెంట పైకి వెళితే

గంజాం పట్టణంలో రుషికుల్య ఒడ్డునే పోటగఢ్ ఉంది. ఈస్టిండియా కంపెనీ 1768లో నక్షత్రం ఆకారంలో కట్టించిన కోట ఇది. 1815లో విషజ్వరాలు ప్రబలడంతో దొరలు గంజాం విడిచిపోయారు. ఆ తర్వాత కోటను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నది వెంట ఇంకా పైకి, పురుషోత్తంపూర్ వైపు వెళితే కొండ మీద తారాతరిణి అమ్మవార్లు. మెట్లెక్కలేనివాళ్లకు రోప్‌వే ఉంది. చైత్రమాసం మంగళవారాల్లో జాతరకు ఇసుక వేస్తే రాలనంత జనం. రద్దీ పడనివాళ్లు ఆ రోజులు తప్పించుకుని వెళ్లాలి. అటువైపే జౌగఢ్. ఇక్కడి బండ మీద అశోకుడు బ్రాహ్మీ లిపిలో చెక్కించిన శాసనాలున్నాయి. మిగతా చోట్ల కళింగ యుద్ధం గురించి బాధపడుతూ చెప్పిన 13వ శాసనం ఇక్కడ లేదు. ఓడిపోయిన జనానికి ఆ లెక్కలు మళ్లీ వినిపించడం ఎందుకనుకున్నాడో ఏమో! దాని బదులు, ప్రజలంతా తన బిడ్డలేనని, వాళ్లను అన్యాయంగా బంధించొద్దని ఉద్యోగులకు ఆదేశాలిచ్చాడు. 1850లో ఈ శాసనాలకు నకలు తీసింది వాల్టర్ ఇలియట్. అంతకు ఐదేళ్ల ముందు అమరావతి స్తూపం దగ్గర తవ్వించిందీ ఈయనే.

ఎలా వెళ్లాలి?

హౌరా-చెన్నై రైలు మార్గంలో బరంపురం స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి గోపాల్‌పూర్‌కు బస్సులు, ఆటోలున్నాయి. రుషికుల్య, జౌగఢ్ కలిపి ఒకేరోజు చూడాలంటే కారు మాట్లాడుకోవడమే మేలు. అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, తుపాను కబురు లేకపోతే. తాబేళ్ల కోసమైతే ఫిబ్రవరి ఆఖరున వెళ్లాలి. బయల్దేరే ముందు వచ్చాయో లేదో ఓసారి వాకబు చేసుకోవాలి.