థెరపీలో నేర్చుకున్నది ఇంట్లోనూ, బడిలోనూ కొనసాగాలంటే



"వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, వీడికీ వస్తాయిలే" అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. కానీ పేరు పెట్టి పిలిచినా చూడకపోవడం, కావలసినది వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు కూడా పోవడం వంటివి గమనిస్తే ఆగకండి. పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించండి.

ఆటిజం మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్లో, పెంపకంలో లోపం వల్లో రాదు. దాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. అలా మాటిచ్చే ప్రకటనలకు డబ్బు పోయకండి. చిన్న వయసులోనే మొదలుపెట్టే స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వంటివి పిల్లలకు ఎంతో ఉపయోగపడతాయి.

అయితే థెరపీ ఒక్కటే చాలదు. ఒక ఉదాహరణ చూద్దాం. వారానికి రెండు సార్లు, 45 నిమిషాల చొప్పున థెరపీ అనుకుందాం. దాహం వేస్తే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు ఇచ్చి నీళ్లు అడగడం అక్కడ నేర్పారు. ఇంట్లో అమ్మ అడగకముందే నీళ్లు తాగిస్తుంది. బడిలో బాటిల్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. అంటే ఆ బిడ్డకు అడిగే అవకాశం వారం మొత్తంలో గంటన్నర మాత్రమే! అదే కార్డు ఇంట్లోనూ, తరగతిలోనూ ఉంటే రోజుకు పదిసార్లు సాధన జరుగుతుంది. కార్డు చూపగానే నీళ్లివ్వండి, "నీళ్లు" అని మీరూ అనండి. మాట రాలేదని మాత్రం దాహంతో ఉంచకండి.

పరవాడలో ఫార్మాసిటీ, సింహాద్రి షిఫ్టుల మధ్య థెరపీకి తీసుకెళ్లి రావడమే పెద్ద పని. అందుకే కొత్తగా గంటలు కేటాయించమని అడగడం లేదు. స్నానం, భోజనం, చెప్పులు వేసుకోవడం వంటి రోజూ చేసే పనులే సాధనకు చాలు.

అడ్మిషన్ ఇవ్వరేమోనన్న భయంతో కొందరు తల్లిదండ్రులు విషయం దాచిపెడతారు. అప్పుడు ప్రేయర్ మైకు శబ్దానికి చెవులు మూసుకునే బిడ్డను టీచర్ మొండివాడు అనుకునే ప్రమాదం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఆటిజాన్ని గుర్తించింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాఠశాలలు ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ధైర్యంగా చెప్పండి.

క్లాస్ టీచర్‌కు ఒక కాగితంపై ఈ నాలుగు విషయాలు రాసివ్వండి:

• మా బిడ్డకు ఇష్టమైనవి
• భయపెట్టేవి, చికాకు కలిగించేవి
• ఏడుపు వస్తే శాంతింపజేసే పద్ధతి
• ఈ నెల థెరపీలో నేర్పుతున్న ఒక్క అంశం

దాన్నిబట్టి టీచర్ తలుపుకు దూరంగా సీటు, రోజు క్రమాన్ని చూపే బొమ్మల పట్టిక, ఒక్కసారికి ఒక్కటే సూచన వంటి ఏర్పాట్లు చేయగలుగుతారు.

ఖర్చు విషయంలోనూ కొంత సాయం ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర గుర్తింపు, చికిత్స కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వైకల్య ధ్రువపత్రం ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. దీని పరిమితి లక్ష రూపాయలు. ఇందులో థెరపీ ఖర్చులకూ కొంత భాగం ఉంటుంది.

పక్కింటి పిల్లవాడితో పోల్చకండి. మూడు నెలల క్రితం మీ బిడ్డ ఎలా ఉన్నాడో, ఎలా ఉందో దానితోనే పోల్చండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ కాగితం తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం.