డీఎన్‌ఏని కత్తిరించి చూసిన ఊరు

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచుకొండలు, వాటి మీద తీసిన సినిమా పాటలు గుర్తొస్తాయి. బాజెల్ ఆ బాపతు ఊరు కాదు. దేశానికి వాయవ్య మూలన, ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులు కలిసేచోట ఉంటుంది. పడమరగా పారుతూ వచ్చిన రైన్ నది సరిగ్గా ఈ ఊళ్ళోనే ఉత్తరానికి మళ్ళుతుంది. ఇక్కడ ట్రామ్ ఎక్కి కూర్చుంటే పక్క దేశంలో దిగొచ్చు. నది దాటడానికి వంతెనలు ఉన్నా, నాలుగు పాతకాలపు పడవలు ఇంకా తిరుగుతున్నాయి. వాటికి ఇంజన్ లేదు, తెరచాప లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన తీగకు పడవను తగిలిస్తారు. ప్రవాహమే దాన్ని అవతలికి నెట్టుకుపోతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో ఆఫీసులు వదిలాక, బట్టలన్నీ నీళ్ళు చొరని సంచిలో కుక్కుకుని, ఏటి వాలున ఈదుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు ఈదే దారిలో కుడి ఒడ్డున రోష్ మందుల కంపెనీ తెల్లటి జంట భవనాలు నిలబడి ఉంటాయి. వాటిలో పెద్దది 205 మీటర్లు. దిగువన ఎడమ ఒడ్డున నోవార్టిస్.

మందుల కంపెనీల ఊరుగానే బాజెల్‌కి పేరు. అయితే నాకు ఆ ఊరి మీద ఉన్న మక్కువ వేరే. మన పాఠ్యపుస్తకాల్లో డీఎన్‌ఏ ఒక పాఠం, రోగనిరోధక వ్యవస్థ ఇంకో పాఠం. బాజెల్ చరిత్ర తెలిసినవాళ్ళు ఆ రెంటినీ విడదీసి చెప్పలేరు. డీఎన్‌ఏని మొట్టమొదట చూసినవాడు ఈ ఊరివాడు. అతనికి అది దొరికింది చీములో.

ఫ్రీడ్రిష్ మీషర్ 1844లో ఇక్కడే డాక్టర్ల కుటుంబంలో పుట్టాడు. తనూ వైద్యం చదివాడు. అయితే అతని వినికిడి దెబ్బతింది. రోగుల గుండె చప్పుడు వినడం కష్టమని పరిశోధన వైపు మళ్ళాడు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఒక పాత కోట వంటగదిని ప్రయోగశాలగా మార్చిన చోట చేరాడు. కణం లోపల ఏముందో రసాయన దృష్టితో తేల్చాలన్నది అతని కోరిక. దానికి విడివిడిగా, సమృద్ధిగా దొరికే కణాలు కావాలి. పక్కనున్న శస్త్రచికిత్స ఆసుపత్రి నుంచి, గాయాలకు కట్టి తీసేసిన కట్టుబట్టలు తెప్పించుకున్నాడు. చీము అంటే సూక్ష్మక్రిములతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాల కుప్పే కదా. ఆ బట్టలను ఉప్పు ద్రావణంలో జాగ్రత్తగా కడిగి కణాలను వేరుచేశాడు. పంది కడుపులోంచి తీసిన జీర్ణరసంతో కణాల్లోని ప్రొటీన్లను అరగదీశాడు. కేంద్రకాలు మిగిలాయి. వాటిలోంచి, ప్రొటీన్‌లా ప్రవర్తించని, భాస్వరం దండిగా ఉన్న ఒక తెల్లటి పదార్థం బయటపడింది. అది 1869. దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టాడు. అతని గురువు హోప్ సైలర్ ఆ ప్రయోగాన్ని తన చేతుల మీదుగా మళ్ళీ చేసి చూసుకున్నాకే 1871లో అచ్చువేయించాడు.

తర్వాత మీషర్ బాజెల్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా తిరిగొచ్చాడు. 1460లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో అతనికి సరైన ప్రయోగశాల కూడా లేదు. నది మాత్రం ఉంది. ఆ రోజుల్లో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ సాల్మన్ చేపలు బాజెల్ దాకా వచ్చేవి. మగచేప శుక్రకణంలో కేంద్రకం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. న్యూక్లీన్ వేడి తగిలితే పాడవుతుంది. అందుకని చలికాలం తెల్లవారుజామున, మంటలేని గదిలో, కిటికీలు తెరిచి పనిచేసేవాడు. కొన్ని పదుల అక్షరాలతో అన్ని భాషల మాటలూ రాయగలిగినట్టు, పెద్ద అణువుల అమరికలోని తేడాలతో వంశపారంపర్యపు వైవిధ్యమంతా రాసి ఉండొచ్చని 1892లో తన మేనమామకు ఉత్తరం రాశాడు. ఆ ఊహ సరైనదే. అయితే ఆ రాత ప్రొటీన్లలో ఉంటుందనుకున్నాడు. తన చేతిలో ఉన్న సీసాలోనే ఉందని తెలియకుండా, 1895లో క్షయతో పోయాడు.

ఆ న్యూక్లీన్‌నే ఇప్పుడు డీఎన్‌ఏ అంటున్నాం. మానవ డీఎన్‌ఏలో నాలుగే అక్షరాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు, ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో ప్రొటీన్ల తయారీ చెప్పే జన్యువులు 20 వేలకు అటూ ఇటూ. చర్మంలోనైనా కాలేయంలోనైనా అదే గ్రంథం. ఏ కణం ఏ పేజీ తెరిచి చదువుకుంటుందన్నదే తేడా. 1970ల దాకా శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం ఇదే.

ఆ నమ్మకానికి ఒక్కచోట గండి పడింది, యాంటీబాడీల దగ్గర. ఒంట్లోకి కొత్త క్రిమి వస్తే దాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీనే యాంటీబాడీ. ఇవి మన ఒంట్లో కోట్ల రకాలు తయారవగలవు. ప్రకృతిలో ఎన్నడూ లేని, నిన్న ఫ్యాక్టరీలో పుట్టిన రసాయనానికి కూడా యాంటీబాడీ తయారవుతుంది. జన్యువులు వేలల్లో, యాంటీబాడీలు కోట్లలో. లెక్క ఎలా కుదురుతుంది? కావలసిన జన్యువులన్నీ తాతముత్తాతల నుంచే వస్తాయన్నది ఒక వర్గం. కొన్నే వస్తాయి, బతికుండగా ఒంట్లోనే మారతాయన్నది ఇంకో వర్గం. ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

తేల్చాలంటే డీఎన్‌ఏని ఖచ్చితమైన చోట కోసే పరికరం కావాలి. దాని మూలాలు కనిపెట్టిన వెర్నర్ ఆర్బర్ 1971లో జెనీవా నుంచి బాజెల్‌కి మారాడు. బాక్టీరియాను కూడా వైరస్‌లు పట్టుకుంటాయి. కొన్ని బాక్టీరియాలు లోపలికి చొరబడ్డ వైరస్ డీఎన్‌ఏని ముక్కలు చేసేస్తాయనీ, తమ సొంత డీఎన్‌ఏకి మాత్రం గుర్తులు పెట్టుకుని కాపాడుకుంటాయనీ 1960లలో ఆర్బర్ చూపించాడు. కంటికి కనపడని జీవికీ ఒక రోగనిరోధక వ్యవస్థ ఉందన్నమాట. అమెరికాలో హామిల్టన్ స్మిత్, డేనియల్ నాథన్స్ ఆ దారిన వెళ్ళి, నిర్దిష్టమైన అక్షరాల వరస దగ్గరే కోసే ఎంజైములను వాడకంలోకి తెచ్చారు. ముగ్గురికీ 1978లో నోబెల్ వచ్చింది. నాన్నకు ప్రైజు ఎందుకొచ్చిందో విని, ఆర్బర్ పదేళ్ళ కూతురు సిల్వియా ఒక కథ అల్లింది. ప్రతి బాక్టీరియాలో పొడుగ్గా సన్నగా ఉండే ఒక రాజు, పొట్టిగా లావుగా ఉండే బోలెడంతమంది సేవకులు ఉంటారట. నాన్న ఒక సేవకుడి చేతిలో కత్తెర చూశాడట. పరాయి రాజు లోపలికొస్తే ఆ సేవకుడు ముక్కలు చేస్తాడు, సొంత రాజు జోలికి వెళ్ళడు. ఎన్నో పుస్తకాలు విప్పలేని ముడిని ఆ పిల్ల నాలుగు వాక్యాల్లో విప్పింది. సిల్వియా ఆర్బర్ పెద్దయ్యాక అదే బాజెల్‌లో పేరున్న నాడీశాస్త్రవేత్త అయింది.

కత్తెర సిద్ధమైంది. పట్టుకునే చేయి జపాన్ నుంచి వచ్చింది. సుసుము టొనెగావా 1939లో నగోయాలో పుట్టాడు. అమెరికాలో డాక్టరేట్ చేశాడు, అక్కడే పరిశోధన చేస్తుండగా 1970 చివర్లో వీసా గడువు అయిపోయింది. దేశం వదలక తప్పలేదు. బాజెల్‌లో కొత్తగా ఒక ఇమ్యునాలజీ సంస్థ పెడుతున్నారు, వెళ్ళమని అమెరికాలో అతను పనిచేసిన ప్రయోగశాల పెద్ద రెనాటో డల్‌బెకో సలహా ఇచ్చాడు. టొనెగావాకి ఇమ్యునాలజీ రాదు. అయినా 1971లో వెళ్ళాడు.

గ్రెన్‌జాకర్ వీధిలోని ఆ సంస్థ గురించి ఎంత చెప్పినా తక్కువే. డబ్బంతా రోష్ కంపెనీది. ఇన్ని మందులు కనిపెట్టి ఇవ్వాలన్న షరతు లేదు. మొదటి డైరెక్టర్ నీల్స్ జెర్న్, డెన్మార్క్ మూలాలున్న గొప్ప ఆలోచనాపరుడు. విభాగాలు పెట్టలేదు, పెద్ద చిన్న హోదాలు పెట్టలేదు. శాస్త్రవేత్తలందరూ సభ్యులే. ఎవరికి తోచిన ప్రశ్న వాళ్ళు పట్టుకోవచ్చు. ఇమ్యునాలజీ తెలియని మనిషి వచ్చి ఇమ్యునాలజీలోని పెద్ద చిక్కును విప్పాడంటే అది ఆ వాతావరణం పుణ్యమే.

టొనెగావా, నోబుమిచి హోజుమి కలిసి చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం. రెండు రకాల డీఎన్‌ఏ తీసుకున్నారు. ఒకటి ఇంకా పుట్టని చిట్టెలుక పిండానిది. రెండోది, ఒకే రకం యాంటీబాడీని తయారుచేసే ఎలుక కణితిది. ఆ కణితి అంతా ఒకే తెల్ల రక్తకణం సంతానం. అందుకే యాంటీబాడీ చేసే కణం డీఎన్‌ఏ కావలసినంత దొరికింది. రెంటినీ ఒకే కత్తెర ఎంజైముతో కోశారు. ముక్కలను జెల్ పలకలో పోసి కరెంటు పెట్టారు. చిన్న ముక్కలు ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. అప్పటికి ఇప్పటి సులువులేవీ లేవు. జెల్‌ని అడ్డంగా పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి, రేడియోధార్మికత అంటించిన ఆర్‌ఎన్‌ఏతో కలిపి, యాంటీబాడీ జన్యువు ఎక్కడుందో వెతికారు. యాంటీబాడీ గొలుసులో మారే భాగం ఒకటి, మారని భాగం ఒకటి ఉంటాయి. పిండం డీఎన్‌ఏలో ఆ రెంటి జన్యువులూ రెండు వేరువేరు ముక్కల్లో దొరికాయి. కణితి డీఎన్‌ఏలో రెండూ ఒకే ముక్క మీద ఉన్నాయి. అంటే పిండానికీ ఆ కణానికీ నడుమ ఎక్కడో డీఎన్‌ఏ తనను తాను కత్తిరించుకుని, మధ్యలోది పారేసి, దూరంగా ఉన్నవాటిని దగ్గరకు తెచ్చి అతుక్కుంది. 1976లో ఆ ఫలితం అచ్చయింది. వాదన ముగిసింది.

కిటుకు ఎంత తేలికో చూడండి. ఇంట్లో పది లంగాలు, పది జాకెట్లు, పది ఓణీలు ఉంటే ఆడపిల్ల వెయ్యి రకాలుగా ముస్తాబవచ్చు. ఉన్నవి ముప్పై బట్టలే. యాంటీబాడీలో బరువు గొలుసు, తేలిక గొలుసు అని రెండు రకాలు. మనిషిలో బరువు గొలుసు జన్యువుకు వి అనే ముక్కలు సుమారు 40, డి ముక్కలు 23, జె ముక్కలు 6 ఉంటాయి. ఒక్కోదాంట్లోంచి ఒకటి చొప్పున ఏరుకుంటే ఐదు వేల పైచిలుకు రకాలు. తేలిక గొలుసులతో జత కడితే పది లక్షలు దాటుతుంది. పైగా అతుకు దగ్గర కొన్ని అక్షరాలు రాలిపోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. కోట్ల రకాలు పుట్టేది అక్కడ. ఈ కత్తిరింపు తెల్ల రక్తకణాల్లోనే జరుగుతుంది, అండంలోనూ శుక్రకణంలోనూ జరగదు. కాబట్టి పిల్లలకు మనం ఇచ్చేది కత్తిరించని గుడ్డే. ఎవరి యాంటీబాడీలు వాళ్ళు కుట్టుకోవలసిందే. తల్లి మాయ ద్వారా అందించే యాంటీబాడీలు కొన్ని నెలల్లో కరిగిపోతాయి.

టొనెగావాకి 1987లో వైద్య నోబెల్ వచ్చింది, ఎవరితోనూ పంచుకోకుండా. అంతకు మూడేళ్ళ ముందు జెర్న్, జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌లకు వచ్చింది. కోలర్ ఈ సంస్థలోనే డాక్టరేట్ చేసిన కుర్రాడు. కేంబ్రిడ్జ్‌లో మిల్‌స్టీన్ దగ్గరకు వెళ్ళి, యాంటీబాడీ చేసే కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి 1975లో కనిపెట్టాడు. మళ్ళీ బాజెల్ వచ్చి పనిచేశాడు. ఆ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. మన ఊళ్ళలో క్యాన్సర్ రోగుల చీటీల మీద రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్ అని మాబ్‌తో ముగిసే పేర్లు కనిపిస్తాయి కదా, అవన్నీ ఆ వంశానివే. హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌ను రెడిటక్స్ పేరుతో తెచ్చింది. మూలం మందు కొనలేని ఎందరికో అది అందింది.

అవయవ మార్పిడికి ఊపిరి పోసిన సైక్లోస్పోరిన్ కూడా ఈ ఊరిదే. ఇక్కడి శాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకరు నార్వే సెలవుల నుంచి తెచ్చిన మట్టిలోని బూజులో అది దొరికింది. రోగనిరోధక శక్తిని అది అణచగలదని అదే కంపెనీలో 1972లో తేలింది. ఆ శాండోజ్ గోదాములోనే 1986 నవంబర్ 1న మంటలు లేచాయి. విషరసాయనాలు రైన్‌లో కలిసి నీళ్ళు ఎర్రబారాయి, మలుగు చేపలు గుట్టలుగా చచ్చాయి. మీషర్ కాలంనాటి సాల్మన్ చేపలు ఆనకట్టల వల్ల, కాలుష్యం వల్ల అంతకు ముందే కనుమరుగయ్యాయి. వాటిని మళ్ళీ రప్పించే ప్రయత్నాలు మొదలైంది ఆ అగ్నిప్రమాదం తర్వాతే.

2000లో రోష్ తన ఇమ్యునాలజీ సంస్థను మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాని స్థానంలో జన్యు వైద్య కేంద్రం పెట్టింది. కంపెనీ కోణంలో అది లాభసాటి నిర్ణయమే అయుండొచ్చు. నా లెక్కలో మాత్రం మూడు నోబెళ్ళ పొయ్యిని ఆర్పేయడమే.

అక్కడ తేలిన నిజం మాత్రం ఇప్పుడు పసిపిల్లల ప్రాణాలు కాపాడుతోంది. డీఎన్‌ఏని కోసే పనిని మన ఒంట్లో ర్యాగ్ అనే రెండు జన్యువులు చూసుకుంటాయని 1989, 1990లలో అమెరికాలో బాల్టిమోర్ అనే శాస్త్రవేత్త బృందం గుర్తించింది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వాటిలో ఒకే జన్యువు పాడైన ప్రతులు బిడ్డకు వస్తే కత్తిరింపే జరగదు. బిడ్డకు రోగనిరోధక శక్తి దాదాపు ఉండదు. ఇలాంటి జబ్బులన్నిటికీ కలిపి స్కిడ్ అని పేరు. అమెరికాలో 30 లక్షల మంది నవజాత శిశువులను పరీక్షిస్తే 58 వేల మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగేచోట, ఒకే పాడైన ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు ఇంకా మామూలైన మన ఊళ్ళకు ఇది తెలియాలి.

ఆ పరీక్ష చేసే తీరు నన్ను అబ్బురపరుస్తుంది. టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లోనూ ఇలాగే జన్యువులు కత్తిరించుకుంటాయి. అప్పుడు తీసేసిన డీఎన్‌ఏ ముక్క చిన్న వలయంలా చుట్టుకుని కణంలోనే ఉండిపోతుంది. బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కలో ఆ వలయాలను లెక్కిస్తారు. ఉంటే కత్తెర పనిచేస్తున్నట్టు. లేకపోతే వెంటనే జాగ్రత్తపడాలి. తొలి నెలల్లోనే మూలకణాల మార్పిడి చేస్తే ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు. స్విట్జర్లాండ్‌లో 2019 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేస్తున్నారు. మన దేశంలో అందరికీ చేసే పద్ధతి ఇంకా రాలేదు. మనకు పుట్టగానే వేసే బీసీజీ టీకాలో ఉండేది బలహీనపరిచిన బతికున్న బాక్టీరియా. మామూలు బిడ్డకు అది రక్ష, స్కిడ్ ఉన్న బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో ఇంతకుముందు ఒక పసిబిడ్డ వరసగా ఇన్ఫెక్షన్లు వచ్చి చనిపోయి ఉంటే, తర్వాతి కాన్పుకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. స్కిడ్ లేదని పరీక్షలో తేలేదాకా ఆ బిడ్డకు బీసీజీ ఆపుతారు.